ఏ కత్తితో కోశాడో ఆ కత్తి: ఇంగ్లీష్ వాక్యంలో ప్రిపొజిషన్ చోటు



ముందుగా నాలుగు మాటలు వినండి. మామిడికాయలు కోసిన పిల్లాడు. మామిడికాయలు కోసిన కత్తి. మామిడికాయలు కోసిన చెట్టు. మామిడికాయలు కోసిన రోజు.

నాలుగింటిలోనూ ‘మామిడికాయలు కోసిన’ అన్నంత వరకు అక్షరం తేడా లేదు. చివరి నామవాచకం ఒక్కటే మారింది. అయినా వినే తెలుగువారికి తికమక రాదు. పిల్లాడు అన్నారంటే కోసింది వాడే. కత్తి అన్నారంటే దానితో కోశారు. చెట్టు అన్నారంటే దాని నుంచి కోశారు. రోజు అన్నారంటే ఆ రోజున కోశారు. అర్థమంతా అందింది కానీ, ఆ ‘తో’, ఆ ‘నుంచి’, ఆ ‘న’ మాత్రం పైకి ఎక్కడా వినపడలేదు.

ఇవే మాటలు ఇంగ్లీష్‌లో ఎలా ఉంటాయో చూద్దాం. ద బాయ్ హూ పిక్డ్ ద మ్యాంగోస్. ద నైఫ్ విత్ విచ్ హి కట్ ద మ్యాంగోస్. ద ట్రీ ఫ్రమ్ విచ్ హి పిక్డ్ ద మ్యాంగోస్. ద డే ఆన్ విచ్ హి పిక్డ్ ద మ్యాంగోస్. పిల్లాడి దగ్గర ‘హూ’ ఒక్కటే సరిపోయింది. కత్తి దగ్గర ‘విత్ విచ్’, చెట్టు దగ్గర ‘ఫ్రమ్ విచ్’, రోజు దగ్గర ‘ఆన్ విచ్’ అనాల్సి వచ్చింది. తెలుగు లోపల దాచుకున్న విభక్తిని ఇంగ్లీష్ పైకి చెప్పి తీరాలంటుంది.

ఇంగ్లీష్ నేర్చుకునే తెలుగువారు తరచుగా చేసే ఒక తప్పుకు మూలం ఇక్కడే ఉంది. ‘దిస్ ఈజ్ ద హౌస్ విచ్ ఐ లివ్’ అని రాస్తారు. ‘ద పర్సన్ హూమ్ ఐ స్పోక్’ అంటారు. మొదటి దానిలో ‘ఇన్’ పోయింది, రెండో దానిలో ‘టు’ పోయింది. ఇది చదువు రాక చేసే తప్పు కాదు. ‘నేను ఉండే ఇల్లు’, ‘నేను మాట్లాడిన మనిషి’ అని మనసులో అనుకుంటారు. ఆ తెలుగు మాటల్లో ‘లో’ లేదు, ‘తో’ లేదు. లేనిదాన్ని ఇంగ్లీష్‌లోకి తేవాలని తోచకపోవడం సహజమే. ఇంగ్లీష్ క్లాసుల్లో ఈ సంగతి ఒక్కసారి విప్పి చెబితే చాలామంది పిల్లలకు ఏళ్ల తరబడి పడే ఇబ్బంది తప్పుతుంది.

ముందు తెలుగు వాక్యం పని తీరు కాస్త చూడాలి. ‘కోసిన’, ‘ఉండే’, ‘మాట్లాడిన’ లాంటి మాటలను క్రియాజన్య విశేషణాలు అంటారు. క్రియ నుంచి పుట్టి, నామవాచకానికి ముందు విశేషణంలా నిలబడే మాటలివి. ఇంగ్లీష్‌లో హూ, విచ్, దట్ అనే రిలేటివ్ ప్రొనౌన్లు చేసే పనిని తెలుగులో ఎక్కువగా ఇవే చేస్తాయి. వీటికి, తర్వాత వచ్చే నామవాచకానికి మధ్య సంబంధం ఏమిటో విడిగా చెప్పే ప్రత్యయం ఉండదు. ఆ సంబంధాన్ని వినేవాళ్లే లోకజ్ఞానంతో పట్టుకుంటారు. కత్తి కాయలు కోసుకోదని, చెట్టు చేత్తో పట్టుకునే వస్తువు కాదని అందరికీ తెలుసు కదా.

ఈ చిక్కు ఒకప్పుడు తెలుగు నేర్చుకున్న ఇంగ్లీష్ వారికి అటు నుంచి ఎదురైంది. ఏ.డి. క్యాంప్‌బెల్ తెలుగు వ్యాకరణం 1816లో మద్రాసులో అచ్చయింది. సి.పి. బ్రౌన్ తెలుగు వ్యాకరణం 1840లో వచ్చింది. ఏ.హెచ్. ఆర్డెన్ రాసిన తెలుగు వ్యాకరణం 1873 నాటిది. ఇంగ్లీష్ చదువుకున్నవారికి తెలుగు నేర్పే ఈ పుస్తకాలకు క్రియాజన్య విశేషణం తప్పించుకోలేని పాఠం. ‘విత్ విచ్’, ‘ఫ్రమ్ విచ్’, ‘ఇన్ విచ్’ అని వేరువేరుగా చెప్పుకునే అలవాటున్న వారికి అన్నిటికీ కలిపి ఒకే ‘కోసిన’ చాలునని నేర్పాలి మరి. తెలుగు నుంచి ఇంగ్లీష్‌కు వెళ్లేవారు అదే దారిలో ఎదురు నడవాలి.

ఆ నడకకు పాత పద్ధతి ఒకటుంది. పదో తరగతి, ఇంటర్ పిల్లలకు రెండు వాక్యాలను కలిపి ఒక్కటిగా రాసే అభ్యాసం తెలిసే ఉంటుంది. దాన్నే నెమ్మదిగా చేసి చూద్దాం. మొదటి వాక్యం: రవి బాట్ ఎ హౌస్. రెండో వాక్యం: హి లివ్స్ ఇన్ ద హౌస్. రెండింటిలోనూ ఉన్న మాట హౌస్. రెండో వాక్యంలో హౌస్‌కు ముందు ఏముందో చూడాలి. ‘ఇన్’ ఉంది. ఇప్పుడు ‘ద హౌస్’ తీసి ఆ చోట ‘విచ్’ పెడితే ‘హి లివ్స్ ఇన్ విచ్’ అవుతుంది. విచ్ ఎప్పుడూ ఉపవాక్యం మొదట్లో ఉండాలి కాబట్టి దాన్ని ముందుకు తేవాలి.

అలా తెచ్చేటప్పుడు రెండు దారులున్నాయి. విచ్ తనతో పాటు ఇన్‌ను కూడా తీసుకురావచ్చు: ద హౌస్ ఇన్ విచ్ హి లివ్స్. లేదా విచ్ ఒక్కటే ముందుకు వచ్చి, ఇన్ తన పాత చోటే ఉండిపోవచ్చు: ద హౌస్ విచ్ హి లివ్స్ ఇన్. రెండూ సరైన వాక్యాలే. ఇన్ ముందుకు జరగవచ్చు, చివర ఆగవచ్చు. ఎగిరిపోవడానికి మాత్రం వీల్లేదు. అలాగే రెండు చోట్లా ఉండటానికీ వీల్లేదు. ‘ద హౌస్ ఇన్ విచ్ హి లివ్స్ ఇన్’ అని రాస్తే ఒక ఇన్ ఎక్కువైనట్టే. ఒకసారి మరిచిపోయి మందలింపు తిన్న విద్యార్థి తర్వాత భయంతో రెండు చోట్లా పెట్టడం మామూలే.

పరీక్షలో రెండు వాక్యాలూ కాగితం మీదే ఉంటాయి. మాట్లాడేటప్పుడు ఎవరూ రెండు వాక్యాలు చేతికివ్వరు. మనసులో ఉన్నది ‘నేను ఉండే ఇల్లు’ ఒక్కటే. అందులో దాగిన విభక్తిని బయటికి లాగాలంటే తెలుగులోనే ఇంకో వాక్యరీతి ఉంది. అది ‘ఏ – ఆ’ రీతి. ఏ కత్తితో కోశాడో ఆ కత్తి. ఏ చెట్టు నుంచి కోశాడో ఆ చెట్టు. ఏ ఇంట్లో ఉంటున్నాడో ఆ ఇల్లు. ఎవరితో మాట్లాడాడో ఆ మనిషి. ‘ఏ ఎండకా గొడుగు’, ‘ఏ రోటి దగ్గర ఆ పాట’ అనే సామెతలు తెలిసిన ఎవరికైనా ఈ రీతి పుట్టుకతో వచ్చిందే.

ఇందులో జరిగింది గమనించండి. ‘కోసిన కత్తి’ అన్నప్పుడు కనపడని ‘తో’, ‘ఏ కత్తితో’ అనగానే పైకి వచ్చేసింది. పైగా అది ప్రశ్నలా మొదలయ్యే మాటకే అతుక్కుని, ఉపవాక్యం మొదట్లోనే వచ్చింది. ‘ఏ కత్తితో’ అన్నది ఇంగ్లీష్‌లో ‘విత్ విచ్’. ‘ఎవరితో’ అన్నది ‘విత్ హూమ్’. ‘ఎవరి ఇంట్లో’ అన్నది ‘ఇన్ హూజ్ హౌస్’. తెలుగులో ప్రత్యయం మాట వెనుక నిలబడుతుంది, ఇంగ్లీష్‌లో ప్రిపొజిషన్ ముందు నిలబడుతుంది. తేడా అంతే. విచ్‌కు ముందు ఏదైనా కావాలా వద్దా అనే సందేహం వచ్చినప్పుడు తెలుగు విద్యార్థి మాటను ఒకసారి ఏ – ఆ రీతిలోకి తిప్పి చూసుకుంటే చాలు, సగం జవాబు దొరుకుతుంది.

కొన్నిచోట్ల తెలుగుకే ఈ రీతి తప్పదు. ‘నేను సినిమాకు వెళ్లిన స్నేహితుడు’ అంటే ఎవరికీ అర్థం కాదు. ‘నేను ఎవరితో సినిమాకు వెళ్లానో ఆ స్నేహితుడు’ అనాల్సిందే. లోకజ్ఞానం పూరించలేని చోట తెలుగు కూడా విభక్తిని పైకి చెబుతుంది.

సగం జవాబు అనడానికి కారణం ఉంది. విభక్తి అవసరమని తెలుగు చెబుతుంది. ఏ ప్రిపొజిషన్ రావాలన్నది మాత్రం ఇంగ్లీష్ క్రియో విశేషణమో నిర్ణయిస్తుంది. ‘ఏ పాట విన్నానో ఆ పాట’ అన్నప్పుడు తెలుగులో ఏ ప్రత్యయమూ లేదు. ఇంగ్లీష్‌లో ‘లిజన్’కు ‘టు’ కావాలి కాబట్టి ‘ద సాంగ్ టు విచ్ ఐ లిజన్డ్’ అవుతుంది. ‘ఎవరి మీద ఆధారపడ్డాడో’ అంటే ‘ఆన్ హూమ్’. ‘దేనికి భయపడతాడో’ అంటే ‘ఆఫ్ విచ్ హి ఈజ్ అఫ్రెయిడ్’. ఇక్కడ ‘కి’ అని ‘టు’ పెడితే తప్పే.

తప్పు అటువైపు కూడా జరుగుతుంది. ఉద్యోగాల దరఖాస్తుల్లో ‘ద కంపెనీ ఇన్ విచ్ ఐ జాయిన్డ్’ అని రాయడం మామూలు. ‘ఏ కంపెనీలో చేరానో’ అన్న ‘లో’ ఇంగ్లీష్‌లోకి ‘ఇన్’గా దిగిపోతుంది. జాయిన్ అనే క్రియకు ఈ అర్థంలో ప్రిపొజిషన్ అక్కర్లేదు. ‘ఐ జాయిన్డ్ ద కంపెనీ’ అంటారు కాబట్టి ‘ద కంపెనీ విచ్ ఐ జాయిన్డ్’ చాలు. ‘ద మ్యాటర్ అబౌట్ విచ్ వి డిస్కస్డ్’ అన్నదీ ఇలాంటిదే. తెలుగులో ‘దేని గురించి చర్చించామో’ అంటారు. ఇంగ్లీష్‌లో ‘డిస్కస్’ లోపలే ‘గురించి’ ఉంది, మళ్లీ ‘అబౌట్’ అక్కర్లేదు. అదే ‘టాక్’ అయితే ‘అబౌట్ విచ్ వి టాక్డ్’ అనాలి. క్రియను నేర్చుకున్నప్పుడే దాని వెంట వచ్చే ప్రిపొజిషన్‌ను కూడా జంటగా నేర్చుకోవాలని ఉపాధ్యాయులు చెప్పేది ఇందుకే.

ఇక ప్రిపొజిషన్ వెనుక ఏ రిలేటివ్ ప్రొనౌన్ నిలబడగలదన్న సంగతి. వస్తువులకు విచ్, మనుషులకు హూమ్, ఎవరిదో చెప్పాలంటే హూజ్. ఈ మూడూ ప్రిపొజిషన్ తర్వాత రావచ్చు. హూ రాకూడదు, రాతలో ‘టు హూ’ అంటే ఒప్పుకోరు. దట్ అసలే రాకూడదు. ‘ద హౌస్ ఇన్ దట్ ఐ లివ్’ అనేది వాక్యమే కాదు. దట్ వాడాలనుకుంటే ప్రిపొజిషన్‌ను చివరికి పంపాలి: ద హౌస్ దట్ ఐ లివ్ ఇన్. మన దేశపు బళ్లలో తరతరాలుగా చదువుతున్న రెన్ అండ్ మార్టిన్ వ్యాకరణం కూడా ఈ నియమాన్ని స్పష్టంగా చెబుతుంది. ఆ పుస్తకాన్ని తర్వాతి కాలానికి తగ్గట్టు సవరించినవారు ఎన్.డి.వి. ప్రసాదరావు.

దట్‌కు ముందు ప్రిపొజిషన్ ఎందుకు నిలవదు? దీనికి జవాబు వెయ్యేళ్ల వెనక్కి పోతే దొరుకుతుంది. అప్పటి ఇంగ్లీష్‌లో రిలేటివ్ వాక్యాలను కలపడానికి ‘థె’ అనే చిన్న మాట ఉండేది. అది ప్రొనౌన్ కాదు. దానికి లింగం లేదు, వచనం లేదు, విభక్తి లేదు. రెండు వాక్యాలను అతికించే పని ఒక్కటే చేసేది. అందుకే దాని ముందు ప్రిపొజిషన్ నిలిచేది కాదు, క్రియ దగ్గరే ఉండిపోయేది. తర్వాతి శతాబ్దాల్లో ‘థె’ వాడుక తగ్గి ఆ పని ‘దట్’ చేతికి వచ్చింది. పనితో పాటు పాత పద్ధతీ వచ్చింది. ఇప్పటికీ దట్ ప్రిపొజిషన్‌ను తన ముందుకు రానివ్వదు.

విచ్, హూమ్ కథ వేరు. ఇవి ప్రశ్నించే మాటలుగా మొదలై, మధ్యయుగపు ఇంగ్లీష్‌లో రిలేటివ్ ప్రొనౌన్లుగా మారాయి. అలా మారే తొలి రోజుల నుంచే ‘ఇన్ విచ్’, ‘టు హూమ్’ లాంటి జంటలు రాతలో బాగా కనిపిస్తాయి. లాటిన్, ఫ్రెంచ్ వాక్యాల ప్రభావం దీనికి తోడైందని చాలామంది పండితుల అభిప్రాయం. హూ అన్న రూపం హూమ్, హూజ్‌ల కంటే ఆలస్యంగా ఈ పనిలోకి దిగింది. అంటే ఇంగ్లీష్‌లో ప్రిపొజిషన్‌ను చివర వదలడం చాలా పాత పద్ధతి. విచ్‌కు ముందు పెట్టడం దాని పక్కన ఎదిగిన మరో పద్ధతి.

మరి చివర ప్రిపొజిషన్ ఉంటే తప్పని బళ్లలో ఎందుకు చెప్పారు? ఈ ప్రశ్నకు ఎక్కువగా వినిపించే పేరు జాన్ డ్రైడెన్. పదిహేడో శతాబ్దపు పెద్ద కవి, నాటకకర్త. 1672లో అచ్చయిన ఒక వ్యాసంలో ఆయన తన ముందు తరం నాటకకర్త బెన్ జాన్సన్ వాక్యాలను తప్పుపట్టాడు. వాక్యం చివర ప్రిపొజిషన్ రావడం ఆ తప్పుల్లో ఒకటి. అదే లోపం తన రాతల్లోనూ ఉందని అక్కడే ఒప్పుకున్నాడు. ఒప్పుకుని ఊరుకోలేదు. 1668లో అచ్చయిన తన నాటక విమర్శ వ్యాసాన్ని 1684లో మళ్లీ అచ్చువేసేటప్పుడు ఒక్కొక్క వాక్యమే సరిచూశాడు. ‘తాను బతుకుతున్న కాలం’ అనే అర్థంలో రాసినచోట చివర ఉన్న ‘ఇన్’ను తీసి ‘విచ్’కు ముందు పెట్టాడు. మరో చోట చివర ఉన్న ‘అపాన్’ను మార్చి ‘ఆన్ హూమ్’ అని ముందుకు తెచ్చాడు. ఆ రెండు ముద్రణలనూ పక్కపక్కన పెట్టి చదివితే ఒక పెద్ద రచయిత తన చేతి వాక్యాన్ని తానే పాలిష్ పట్టుకున్న తీరు కళ్లకు కడుతుంది.

ఆయనకు కొలబద్ద లాటిన్. తాను రాసిన ఇంగ్లీష్ సరైనదో కాదో తేల్చుకోవడానికి లాటిన్‌లోకి మార్చి చూసుకునేవాడినని 1679లో ఒక అంకిత లేఖలో చెప్పాడు. లాటిన్‌లో ప్రిపొజిషన్‌ను దాని మాట నుంచి విడదీసి వాక్యం చివర వదిలేయడం కుదరదు. లాటిన్‌లో కుదరనిది ఇంగ్లీష్‌లో మర్యాదగా అనిపించలేదు. అయితే ఇంగ్లీష్ లాటిన్ కుటుంబపు బిడ్డ కాదు. డేనిష్, స్వీడిష్, నార్వేజియన్ భాషల్లో కూడా ప్రిపొజిషన్ చివర హాయిగా ఉండిపోతుంది. అవి కూడా ఇంగ్లీష్ లాగే జర్మానిక్ కుటుంబపు భాషలే.

1762లో రాబర్ట్ లోత్ ఒక చిన్న ఇంగ్లీష్ వ్యాకరణం ప్రచురించాడు. ఆక్స్‌ఫర్డ్‌లో కవిత్వ ఆచార్యుడిగా పనిచేసి, తర్వాత లండన్ బిషప్ అయినవాడు. చివర ప్రిపొజిషన్‌ను నిషేధించింది ఆయనే అని చాలామంది అనుకుంటారు. ఆయన రాసింది అది కాదు. ఈ వాడుక ఇంగ్లీష్ భాషకు బాగా అలవాటైనదని, మామూలు సంభాషణకు, చనువైన రాతకు తగినదని ఒప్పుకున్నాడు. ప్రిపొజిషన్‌ను రిలేటివ్ ప్రొనౌన్‌కు ముందు పెడితే అందంగా, స్పష్టంగా ఉంటుందని, గంభీరమైన రచనకు అదే తగినదని సలహా ఇచ్చాడు. ఆ మాట చెప్పిన వాక్యంలోనే ఒక ఉపవాక్యం చివర ‘టు’ ఉంచాడు కూడా. తర్వాత వచ్చిన పాఠ్యపుస్తకాల్లో ఈ మెత్తని సలహా గట్టి నిషేధంగా మారిపోయింది. 1926లో హెచ్.డబ్ల్యు. ఫౌలర్ తన వాడుక నిఘంటువులో ఆ నిషేధాన్ని మూఢనమ్మకమని కొట్టిపారేశాడు. 2002లో హడల్‌స్టన్, పుల్లమ్‌ల ఆధ్వర్యంలో వచ్చిన కేంబ్రిడ్జి వ్యాకరణం కూడా రెండు రీతులూ వ్యాకరణ సమ్మతమేనని వివరించింది.

బ్రిటన్ ప్రధానిగా పనిచేసిన చర్చిల్ పేరు మీద ఒక కథ తిరుగుతుంటుంది. ఆయన వాక్యం చివరి ప్రిపొజిషన్‌ను ఎవరో సరిదిద్దితే, ఆయన కోపంతో ‘పుట్ అప్ విత్’ అనే మాటల కట్టను విరిచి, ‘అప్’, ‘విత్’ రెండింటినీ విచ్‌కు ముందు పెట్టి ఎగతాళిగా ఒక వాక్యం రాశాడట. ఆ వాక్యం ఆయనదే అనడానికి గట్టి ఆధారం దొరకలేదు. కానీ అందులో మంచి పాఠం ఉంది. ‘పుట్ అప్ విత్’ అంటే సహించడం. మూడు మాటలూ కలిస్తేనే ఆ అర్థం. అందులోని ‘అప్’ ప్రిపొజిషన్ కూడా కాదు, క్రియకు అతుక్కున్న తునక. దాన్ని విచ్‌కు ముందుకు లాగితే వాక్యం విరిగిపోతుంది. ‘లుక్ ఆఫ్టర్’ లాంటివి కూడా కలిసి ఉండటానికే ఇష్టపడతాయి. ‘ద చైల్డ్ ఆఫ్టర్ హూమ్ షి లుక్స్’ అంటే పిల్లాడి వెనకాల చూస్తోందేమో అనిపిస్తుంది. ‘ద చైల్డ్ షి లుక్స్ ఆఫ్టర్’ అంటేనే సాకుతోందని అర్థం.

దీనికి ఎదురుగా, ప్రిపొజిషన్ ముందు ఉండి తీరాల్సిన చోట్లూ ఉన్నాయి. ‘ద స్పీడ్ ఎట్ విచ్’, ‘ద ఎక్స్‌టెంట్ టు విచ్’, ‘ద ఈజ్ విత్ విచ్’ అనేవి విడదీయరాని జంటలు. ‘డ్యూరింగ్ విచ్’ అన్నదాన్ని విరిచి డ్యూరింగ్‌ను చివరికి తోస్తే చెవికి ఇంపుగా ఉండదు. ‘కొందరు’, ‘చాలామంది’ అని లెక్క చెప్పేటప్పుడూ అంతే. తరగతిలో నలభైమంది పిల్లలున్నారు, వారిలో చాలామంది పల్లెల నుంచి వచ్చారు అనాలంటే, ‘దేర్ ఆర్ ఫార్టీ స్టూడెంట్స్, మోస్ట్ ఆఫ్ హూమ్ కేమ్ ఫ్రమ్ విలేజెస్’ అంటారు. ఇక్కడ ‘మోస్ట్ ఆఫ్ దెమ్’ అని రాసి, ముందు కామా ఒక్కటి పెట్టడం తరచుగా కనిపించే పొరపాటు. ‘దెమ్’ రెండు వాక్యాలను కలపలేదు, ‘హూమ్’ కలుపుతుంది.

ప్రశ్నమాట తనతో పాటు ప్రిపొజిషన్‌ను, ఒక్కోసారి ముందున్న మాటల మూట మొత్తాన్ని లాక్కుపోవడానికి భాషాశాస్త్రంలో ఒక పేరుంది, పైడ్ పైపింగ్ అని. 1967లో అమెరికాలోని ఎంఐటీలో సమర్పించిన తన సిద్ధాంత గ్రంథంలో జాన్ రాబర్ట్ రాస్ ఆ పేరు వాడాడు. ఆ పేరును సూచించింది భాషాశాస్త్రవేత్త రాబిన్ లేకాఫ్. జర్మనీలోని హామెలిన్ ఊళ్లో వేణువు ఊదుతూ ఎలుకల మందను వెంట తీసుకుపోయినవాడి పాత కథ నుంచి వచ్చిన పేరది. విచ్ ముందు నడుస్తుంటే ఇన్, ఫ్రమ్, విత్ దాన్ని అంటిపెట్టుకుని కదులుతాయన్న మాట.

ఏ రీతి ఎక్కడ తగునో ఇప్పుడు చెప్పుకోవచ్చు. ఇంట్లో, స్నేహితులతో, ఫోన్‌లో మాట్లాడేటప్పుడు ప్రిపొజిషన్ చివర ఉండటమే సహజం. అప్పుడు విచ్, హూమ్, దట్‌లను పూర్తిగా వదిలేయవచ్చు కూడా: ద హౌస్ ఐ లివ్ ఇన్, ద మ్యాన్ ఐ స్పోక్ టు. ఈ సౌకర్యం ప్రిపొజిషన్ చివర ఉన్నప్పుడే. ‘ఇన్’ ముందుకు వచ్చిందంటే విచ్‌ను వదలకూడదు. పరిశోధన వ్యాసాలు, కోర్టు తీర్పులు, ప్రభుత్వ ఉత్తర్వులు, ఉద్యోగ దరఖాస్తులు రాసేటప్పుడు ‘ఇన్ విచ్’, ‘టు హూమ్’ రీతి హుందాగా ఉంటుంది.

ఇంగ్లీష్‌లో రాసిన దస్తావేజుల్లో ఇంకా పాత రీతి ఒకటి బతికి ఉంది. సేల్ డీడ్ చివర సంతకాలకు ముందు ‘ఇన్ విట్నెస్ వేర్‌ఆఫ్’ అని ఉంటుంది. వేర్‌ఆఫ్ అంటే ‘ఆఫ్ విచ్’. వేర్‌ఇన్ అంటే ‘ఇన్ విచ్’. వేర్‌బై అంటే ‘బై విచ్’. ఇక్కడ ప్రిపొజిషన్ ముందు కాక వెనుక అతుక్కుంది, అచ్చం తెలుగు ప్రత్యయంలా. మాట్లాడే భాషలో ఇవి దాదాపు పోయినా, రిజిస్ట్రేషన్ కాగితాల్లో మాత్రం చెక్కుచెదరలేదు.

ఒంటరిగా ఉన్న ‘వేర్’ కూడా చాలా ఉపకారి. చోటు గురించి చెప్పేటప్పుడు ‘ఇన్ విచ్’కు బదులు ‘వేర్’ అనవచ్చు: ద హౌస్ వేర్ ఐ లివ్. కాలానికి ‘ఆన్ విచ్’ బదులు ‘వెన్’, కారణానికి ‘ఫర్ విచ్’ బదులు ‘వై’. వీటి లోపల ప్రిపొజిషన్ కలిసిపోయే ఉంది కాబట్టి మళ్లీ ఇన్ పెట్టి ‘ద హౌస్ ఇన్ వేర్ ఐ లివ్’ అనకూడదు.

రిలేటివ్ ప్రొనౌన్ కనపడకపోయినా ప్రిపొజిషన్ అవసరమయ్యే చోటు ఇంకొకటుంది. తరగతి గదిలో పిల్లాడు ‘రాయడానికి పెన్ను ఇవ్వరా’ అంటాడు, ‘రాయడానికి కాగితం ఇవ్వరా’ అంటాడు. తెలుగులో రెండు చోట్లా ‘రాయడానికి’ ఒకటే. ఇంగ్లీష్‌లో ‘ఎ పెన్ టు రైట్ విత్’, ‘పేపర్ టు రైట్ ఆన్’. పెన్నుతో రాస్తాం, కాగితం మీద రాస్తాం. గంభీరంగా రాయాలంటే ‘ఎ పెన్ విత్ విచ్ టు రైట్’ అనవచ్చు. ఈ రకం వాక్యంలో విచ్‌ను ముందు ఉంచి, విత్‌ను చివర వదలడం మాత్రం కుదరదు. ‘ఎ పెన్ విచ్ టు రైట్ విత్’ అని ఎవరూ అనరు.

బాగా ఇంగ్లీష్ వచ్చినవారు కూడా తడబడే మాట ‘హూఎవర్’. ముందు ‘టు’ ఉంది కదా అని ‘గివ్ ద ప్రైజ్ టు హూమ్‌ఎవర్ కమ్స్ ఫస్ట్’ అని రాస్తారు. సరైనది ‘టు హూఎవర్ కమ్స్ ఫస్ట్’. ఇక్కడ టు వెనుక ఉన్నది ఒక్క మాట కాదు, ‘ఎవరు ముందు వస్తారో వారు’ అనే మొత్తం ఉపవాక్యం. ఆ ఉపవాక్యంలో వచ్చేది ‘ఎవరు’, కర్త. అందుకే హూఎవర్. ‘ఎవరు ముందు వస్తారో వారికి బహుమతి’ అని తెలుగులో అనుకుంటే ‘కి’ వెళ్లి ‘వారి’కి అతుక్కుంటుంది, ‘ఎవరు’ను ముట్టుకోదు. ఇక్కడ కూడా ఎవరు – వారు రీతే దారి చూపిస్తుంది.

చివరగా శ్రోతలు స్వయంగా ప్రయత్నించడానికి మూడు మాటలు. ఆయన చదువుకున్న బడి. మేము ఎదురుచూస్తున్న బస్సు. అన్నయ్య పెళ్లి చేసుకున్న అమ్మాయి. మూడింటినీ ఏ – ఆ రీతిలోకి మార్చి, తర్వాత ఇంగ్లీష్ క్రియకు ఏం కావాలో చూడండి. మొదటిది, ఏ బడిలో చదువుకున్నాడో ఆ బడి: ద స్కూల్ ఇన్ విచ్ హి స్టడీడ్. రెండోది, ఏ బస్సు కోసం ఎదురుచూస్తున్నామో ఆ బస్సు: ద బస్ ఫర్ విచ్ వి ఆర్ వెయిటింగ్, లేదా మాటల్లో అయితే, ద బస్ వి ఆర్ వెయిటింగ్ ఫర్. మూడోది, ఎవరిని పెళ్లి చేసుకున్నాడో ఆ అమ్మాయి. మ్యారీ అనే క్రియకు వెనుక విత్ అక్కర్లేదు, టు అక్కర్లేదు. కాబట్టి హూమ్‌కు ముందు ఏమీ రాదు: ద గర్ల్ హూమ్ మై బ్రదర్ మ్యారీడ్.